అన్నం వరసలో తెలుగు క్లాసు

వంతాల సోని ఆ బడికి తెలుగు పండిట్‌గా వచ్చి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆమె తెలుగు క్లాసు జరిగే గదిలోకి అడుగుపెట్టింది సరిగ్గా మూడుసార్లు. రెండుసార్లు పరీక్షల్లో కాపలా కాయడానికి, ఒకసారి పాము దూరిందని పిల్లలు గోల పెడితే కర్ర పట్టుకుని. పాము దాని దారిన అది పోయింది. క్లాసు మాత్రం ఆమెకి రాలేదు.

అదెలా కుదిరిందంటారా, చెప్తాను. అరకులోయలో జీపెక్కితే ముప్పావు గంట, దిగాక కాఫీ తోటల మధ్య కాస్త నడక. అక్కడుంది ఆ గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నూట ఎనభై ముగ్గురు ఆడపిల్లలు. అక్కడే చదువు, అక్కడే తిండి, అక్కడే పడక. టీచర్లు ఎనిమిది మంది. అందులో ఏడుగురు కింది నుంచి వచ్చినవాళ్ళు. కింద అంటే మైదానం: విజయనగరం, బొబ్బిలి, ఎస్.కోట. సోమవారం పొద్దున్న కొండెక్కుతారు, శనివారం మధ్యాహ్నం రైలు అందుకుని దిగిపోతారు. ఎనిమిదో మనిషి సోని. ఆమెకి దిగిపోవడానికి కింద ఏమీ లేదు. పాడేరు అవతల కొండమీద ఇరవై గడపల ఊరు ఆమెది.

చేరిన రోజున ఇస్త్రీ చీర కట్టుకుని, ఆర్డరు కాగితం బ్యాగులో పెట్టుకుని హెడ్మాస్టరు గది ముందు నిలబడింది. హెడ్మాస్టరు వరహాలరావు గారు ఫోన్లో మాట్లాడుతూనే ఆమె మొహం చూసి, వేలితో వెనకవైపు చూపించారు.

"వంటగది అటేపు. ముత్యాలమ్మ సెప్తాది, బేగెళ్ళు."

కొత్త ఆయా వస్తుందని ఎదురుచూస్తున్నారట. సోని కాగితం తీసి బల్లమీద పెట్టింది. ఆయన కాగితం చదివారు, ఆమెని చూశారు, మళ్ళీ కాగితం చదివారు.

"తెలుగా?" అన్నారు.

"తెలుగే సార్," అంది.

పొరబడ్డానన్న మాట ఆయన నోట రాలేదు. కుర్చీ మాత్రం చూపించారు, అదే పదివేలు అనుకోవాలి.

స్టాఫ్‌రూంలో బీరువా మీద ఏడు స్టీలు గ్లాసులుండేవి. ఆమె వచ్చిన మర్నాడు వాటి పక్కన ఎనిమిదోది చేరింది. అది ప్లాస్టిక్‌ది, నీలం రంగుది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఇది నీది అని కూడా ఎవరూ అనలేదు. టీ తెచ్చే ఆయా ఏడు గ్లాసుల్లో పోసి, తర్వాత నీలం గ్లాసులో పోసి, దాన్ని విడిగా కిటికీ దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. చదువుకున్నవాళ్ళు కదా, అన్నీ నోటితో చెప్పరు. మొదటి వారం సోని ఆ టీ కోపంతోనే తాగింది. రెండో వారం టీ మానేసింది. మానేస్తే తలనొప్పి వస్తోందని మూడో వారం మళ్ళీ మొదలుపెట్టింది. మనిషికి ఆత్మాభిమానం ఉంటుంది, తలనొప్పీ ఉంటుంది.

టైంటేబుల్ వేసిన రోజున వరహాలరావు గారు ఆమెని పిలిచి మనసు విప్పి మాట్లాడారు.

"సూడమ్మా, ఉన్న మాట సెప్తాను, ఏటీ అనుకోకు. నీ కొండ యాస పిల్లలకి అంటుకుంటాది. ఆల్లకి ఉన్నది సాలదా? తెలుగు భానుశ్రీ గారు సెప్తారు. నీకు ఆల్ల బాస వొచ్చు గదా, నువ్వు మెస్సు సూసుకో."

భానుశ్రీ సోషల్ టీచర్. చిన్నది, మెత్తటి మనిషి, భర్తది ఎస్.కోటలో బ్యాంకు ఉద్యోగం. ఆమె తెలుగు నేర్చుకున్నది పదో తరగతి దాకానే, అయినా ఆమె 'గారు', సోని 'నువ్వు'. ఇక యాస సంగతంటారా, పైన రాసింది రాసినట్టు హెడ్మాస్టరు గారి మాటే. ఆయన యాసకి ఏ రోగమూ లేదు, అది కింది యాస కాబట్టి.

తెలుగు కోసం ఆమెకెందుకంత పాకులాట అని కూడా చెప్పాలి. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది ఆదివాసీ ఒడియా. ఏడేళ్ళప్పుడు ఇలాంటి ఆశ్రమ పాఠశాలలోనే వేస్తే, ఏడాదిపాటు ఒక్క ముక్క అర్థం కాక నోరు మెదపలేదు. మొద్దు అన్నారు. ఒకరోజు సాయంత్రం అక్కడి వంటమనిషి గుమ్మంలో నిలబడి ఆకాశం చూసి, "వానొచ్చేలా ఉంది, బట్టలు తీసెయ్యండే," అంది. ఆ మాట మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, సోనికి అర్థమైపోయింది. పరుగున వెళ్ళి తీగమీది బట్టలు తీసింది. తీసీ తీయగానే వాన దిగింది. ఈ భాష పనిచేస్తుంది అనుకుంది ఆ పిల్ల. అప్పటినుంచి దాన్ని వదల్లేదు. డిగ్రీ తెలుగులోనే చేసింది, విశాఖపట్నంలో పండిట్ ట్రైనింగ్ చేసింది. ఆమెకి కావలసింది ఒక గది, ఒక నల్లబల్ల, ఎదురుగా నోరు మెదపని కొండపిల్లలు. జీతం నెలనెలా వస్తోంది గానీ అది రాలేదు.

సరే, మెస్సు అన్నారు, మెస్సుకే వెళ్ళింది. అక్కడ తనకి తోచిన పద్ధతి ఒకటి పెట్టింది. పళ్ళెం పట్టుకుని వరసలో వచ్చిన ప్రతి పిల్లా, అన్నం వడ్డించే ముందు, ఆ రోజు తను చూసిందో చేసిందో ఒక్క మాట తెలుగులో చెప్పాలి. ముందు పిల్ల చెప్పింది వెనక పిల్ల చెప్పకూడదు. చెప్పలేకపోయినా అన్నం ఆగదు. సోనియే ఒక మాట అందిస్తుంది, రేపు ఆ పిల్ల దాన్ని మరోలా తిప్పి చెప్పాలి. పిల్లలు దీనికి 'అన్నం మాట' అని పేరు పెట్టుకున్నారు. మొదట్లో అన్నీ "నేను స్నానం చేశాను", "నేను చన్నీళ్ళ స్నానం చేశాను"లే. స్నానాలు అయిపోయాక అసలు మాటలు రావడం మొదలైంది.

"మా నాన్న ఫోన్ చేస్తానని చెయ్యలేదు."

"కాఫీ పూలు నిన్న విచ్చాయి, ఇవాళ వాసన తగ్గింది."

"ప్రసన్న నా జడ వేసింది, నేను దానిది వేశాను, దానిది బాగా కుదిరింది."

ఈ చివరి మాట బుదరిది. బుదరి, ప్రసన్న తొమ్మిదో తరగతి పిల్లలు. బుదరి ఊరు కొండ కొసన ఉంది. ప్రసన్న వాళ్ళ ఊరంతా చర్చికి వెళ్ళేవాళ్ళు. ఇద్దరూ ఒకే చోట పడుకుంటారు, ఒకే చోట కూర్చుంటారు, విడదీస్తే ఇద్దరికీ జ్వరం వస్తుంది. సోని గరిట పట్టుకునే అందరి మాటలూ దిద్దేది. వంట చేసే ముత్యాలమ్మ సణుగుతూనే ఉండేది.

"టీచరమ్మా, కూడు సల్లారిపోతంది. ఈ గుంటల మాటలు తిన్నాక ఇనుకోరాదా?"

"తిన్నాక నిద్రపోతారు ముత్యాలమ్మా."

ఇలా రోజుకి రెండు పూటలు, మూడేళ్ళు. వరహాలరావు గారు అటు వెళ్తూ చూసి, భోజనాలు ఆలస్యమవుతున్నాయని రెండుసార్లు కోప్పడ్డారు. అంతకుమించి పట్టించుకోలేదు.

ఈ ఏడాది ఏప్రిల్ మొదటి వారంలో పై ఆఫీసు నుంచి తనిఖీ అన్నారు. వచ్చేది ధర్మతేజ అనే కుర్ర అధికారి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. వరహాలరావు గారు హడావిడి పడిపోయారు. గోడలకి సున్నం కొట్టించారు, మరుగుదొడ్లకి తలుపులు పెట్టించారు. సోమవారం కొండెక్కుతూ జీపులో రెండు గోనెల మామిడికాయలు వేసుకొచ్చారు. బొబ్బిలి దగ్గర ఆయన సొంత తోటవి, తండ్రి నాటిన చెట్లవి. తనిఖీ రోజున పిల్లలకి మామిడికాయ పప్పు పెట్టించాలని ఆయన ముచ్చట. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆయన పిసినారి కాదు. ఒక్కొక్క కాయా తువ్వాలుతో తుడిచి మరీ బుట్టలో పెట్టించారు.

సోని ఆ బుట్టలు చూసి గతుక్కుమంది.

"సార్, ఇంకా పండగ అవలేదు. పిల్లలు మామిడి ముట్టరు."

కొండమీద ఏ పంటైనా కొత్తది నోట పెట్టే ముందు దానికి పండగ చెయ్యాలి. దాన్నే 'కొత్త' అంటారు: చిక్కుడుకి ఒక కొత్త, కొర్రకి ఒక కొత్త, మామిడికి ఒక కొత్త. మంచిరోజు చూసి చెప్పే పెద్దని దిసారి అంటారు, ఆయన రోజు పెడతాడు. ఆ రోజున తొలికాయలు ఊరి దేవతకి పెట్టి, ముసలివాళ్ళు రుచి చూశాక, ఇంటిల్లిపాదీ కలిసి తింటారు. అప్పటిదాకా చెట్టు కింద రాలిన పిందెని కూడా ఎవరూ కొరకరు. కొరికితే ఊరికి కీడు, పులి వస్తుంది, జ్వరాలొస్తాయి అంటారు. ఈసారి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పండగకి ఇంకా పది రోజులుంది.

"కాయ మా బొబ్బిలిది. మీ దేవతకీ దానికీ ఏటి సంబంధం?" అన్నారు వరహాలరావు గారు. "ఈ మూఢనమ్మకాలు ఒదిలించడానికే గదా మనకి జీతాలిత్తన్నారు."

"కాయలు దాచి ఉంచుదాం సార్, పిల్లలు పండక్కి వెళ్ళి వచ్చాక వండితే ఇష్టంగా తింటారు. గురువారానికి టమాటా పప్పు..."

"తనిఖీ పండగయ్యాక వొత్తాదా? నువ్వు మెస్సు సూసుకో."

మెస్సు చూసుకుంటున్నాను కాబట్టే చెప్తున్నాను అందామనుకుంది. అనలేదు. అనకపోవడం కూడా మూడేళ్ళుగా అలవాటైన పనే.

నిజానికి సోనికి ఆ కీడు మీద నమ్మకం లేదు. ఎందుకు లేదో ఎవరికీ చెప్పలేదు. విశాఖపట్నం హాస్టల్లో ఉండగా, ఆమెకి ఇరవై రెండేళ్ళప్పుడు, మార్చి నెలలో మామిడికాయ పప్పు వడ్డించారు. బల్ల చుట్టూ ఉన్న అమ్మాయిలు తినడం ఆపి, "ఏం, నువ్వు తినవా? మీ కొండోళ్ళు తినరా?" అని వింతగా చూశారు. ఆ చూపు భరించలేక తినేసింది. ఊరికి ఏమీ కాలేదు. పులి రాలేదు, జ్వరాలు రాలేదు. తర్వాత పండక్కి ఇంటికి వెళ్తే తల్లి తొలి ముక్క చేతిలో పట్టుకుని ఎదురుచూస్తోంది. "నువ్వొచ్చేదాకా మేమెవరం తినలేదమ్మా," అని ఆ ముక్క నోట్లో పెట్టింది. అదే మొదటిసారి రుచి చూస్తున్నట్టు సోని కళ్ళు మూసుకుంది. ఆ నటన తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది. దేవత సంగతి దేవుడెరుగు, సిగ్గంతా తల్లి దగ్గర.

గురువారం మధ్యాహ్నం హాల్లో పిల్లలు బారులు తీరి కూర్చున్నారు. అధికారి ముందు ఆలస్యం ఎందుకని ఆ పూటకి అన్నం మాట వద్దన్నారు. ధర్మతేజ ఒక పక్క కుర్చీలో కూర్చున్నాడు. వరహాలరావు గారు చొక్కా చేతులు పైకి మడిచి, తొలి వరసకి తన చేత్తోనే పప్పు వడ్డించారు. పప్పు ఘుమఘుమలాడింది. ముత్యాలమ్మ పోపు వేస్తే అలాగే ఉంటుంది.

ఒక్క పిల్లా తినలేదు.

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గొడవ లేదు, గుసగుస లేదు. "తినండమ్మా, తినండి," అన్నారు వరహాలరావు గారు నవ్వుతూ. ఇంకోసారి అన్నారు, ఈసారి నవ్వు తగ్గింది. "తినండే!" అన్నది మూడోసారి. ధర్మతేజ ఫోను జేబులో పెట్టి సర్దుకుని కూర్చున్నాడు.

వరహాలరావు గారి కళ్ళు ప్రసన్న మీద పడ్డాయి.

"ఒసే, నువ్వు సర్చి పిల్లవి గదా! నీకే పండగా లేదు గదా! నువ్వెందుకు తినవు?"

ప్రసన్న పళ్ళెంలోకి చూస్తూ ఊరుకుంది. ఆయనకి అనుమానం తీరిపోయింది. పండగ ఉన్నవాళ్ళు తినలేదంటే నమ్మకం, పండగ లేనివాళ్ళు కూడా తినలేదంటే ఎవరో ఎగదోశారు. ఎగదోసేది ఇంకెవరు?

ఆయన గబగబా సోని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"సోనీ టీచర్, మీరు సదువుకున్నోరు. ఈల్ల ముందు కూర్చుని ఒక్క ముద్ద తినండి. మిమ్మల్ని సూసి తింటారు. నా పరువు మీ సేతిలో ఉంది. జూన్లో తొమ్మిదీ పదీ తెలుగు మీకే రాసీస్తాను. నా మాట."

మూడేళ్ళలో ఆయన ఆమెని 'మీరు' అనడం అదే మొదలు. మాటిస్తే నిలబెట్టుకునే మనిషని కూడా ఆమెకి తెలుసు. సోని పళ్ళెం తీసుకుని బుదరి పక్కన కింద కూర్చుంది. ముత్యాలమ్మ ఆమె మొహంలోకి చూడకుండా అన్నం పెట్టి, పప్పు పోసింది.

ఒక్క ముద్ద. దాందేముంది? ఎప్పుడో తిన్నదే, ఏమీ కాలేదు. గది, నల్లబల్ల, పుస్తకం అన్నీ ఆ ముద్ద అవతల ఉన్నాయి. చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది. హాలంతా ఆమెనే చూస్తోంది. బుదరి ఆమె నోటి వైపు చూస్తోంది. తను తింటే వీళ్ళు తినేస్తారు, అనుమానం లేదు. తినేసి, పది రోజుల్లో ఇళ్ళకి వెళ్ళి, తల్లి తొలి ముక్క నోట పెడితే పండగ ఉన్న ప్రతి పిల్లా తనలాగే కళ్ళు మూసుకుంటుంది. మూడేళ్ళు కాచుకుని చెప్పే మొదటి పాఠం ఇదా అనుకునేసరికి ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పప్పుని పళ్ళెం అంచుకి తోసేసింది.

"ముత్యాలమ్మా, ఉప్పు పట్రా."

తెల్లన్నంలో ఉప్పు కలుపుకుని తింది. తర్వాత బుదరి పప్పు పక్కకి తోసి ఉప్పు కోసం చెయ్యి చాపింది. తర్వాత ప్రసన్న. తర్వాత ఆ వరస, దాని వెనక వరస. ముత్యాలమ్మ ఉప్పు ప్యాకెట్టు పట్టుకుని ఒకటే పరుగు. పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ఎదుట, సున్నం వేసిన గోడల మధ్య, బడి పిల్లలంతా ఉప్పూ అన్నం తిన్నారు.

వరహాలరావు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. తండ్రి నాటిన చెట్టు కాయ, తన చేత్తో తుడిచిన కాయ, అంతమంది ముట్టుకోకుండా పక్కన పెట్టేశారు. అలా పక్కన పెడితే ఎలా ఉంటుందో ఆయనకి ఆ పూట తెలిసింది. నీలం గ్లాసు గుర్తొచ్చిందా అంటే, నాకు అనుమానమే. ఆయన ఒంటికాలి మీద లేచారు.

"సూశారు గదా సార్! ఈవిడే! గుంటలందరికీ ఈవిడే నూరిపోసి, స్కూలు పరువు గంగలో కలిపింది!"

ధర్మతేజ తొందరపడలేదు. ఇలాంటివి కాగితం మీద ఉండాలని ట్రైనింగులో నేర్పినట్టున్నారు.

"ఎందుకు తినలేదో ప్రతి పిల్లా సొంత మాటల్లో రాసి ఇవ్వాలి," అన్నాడు. "అభియోగం ఈవిడ మీద కాబట్టి, ఈవిడ ప్రతి కాగితం చదివి కింద సంతకం పెట్టాలి. పక్క ఊరి బడి చూసుకుని ఐదింటికి వస్తాను. ఈవిడే తినొద్దని చెప్పినట్టు తేలితే ఉద్యోగంలో ఉంచడం కష్టం."

ఆ మాట సోని వింది. ఇంట్లో జీతం వచ్చేది ఆమె ఒక్కదానికే. వంటగదిలోకి వెళ్ళి గట్టు పట్టుకుని నిలబడింది.

జీపు వెళ్ళగానే వరహాలరావు గారు భానుశ్రీని పిలిచారు. "ఈ పిల్లలకి సొంతంగా రాయడం ఏటొచ్చు! సోని టీచర్ వద్దన్నారు కాబట్టి తినలేదు అని మీరు బోర్డు మీద రాసీండి, సూసి రాసుకుంటారు." కుట్ర అనుకునేరు, ఆయన మనస్ఫూర్తిగా అన్న మాటే. వాళ్ళకి రాదనే ఆయన నమ్మకం.

భానుశ్రీ హాల్లో బోర్డు దగ్గరికి వెళ్ళి 'విషయం' అని రాసి, వెనక్కి తిరిగి చూసింది. పిల్లలప్పుడే తలలు వంచుకుని రాసేస్తున్నారు. ఆవిడ మంచిదే. మూడేళ్ళుగా నీలం గ్లాసు చూసి తల తిప్పుకునే మంచితనం ఆవిడది. ఆ మధ్యాహ్నం ఎందుకో తల తిప్పుకోవడం కుదరలేదు. సుద్దముక్క బల్లమీద పెట్టేసి కుర్చీలో కూర్చుంది.

మూడున్నరకి వరహాలరావు గారు కాగితాల కట్ట తెచ్చి స్టాఫ్‌రూంలో సోని ముందు పడేశారు. చదవలేదు, చదవాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు. నీలం సిరా పెన్ను ఇచ్చారు.

"సంతకాలు బేగి కానీ."

సోని మొదటి కాగితం తీసింది. ఆరో తరగతి పిల్లది, అక్షరాలు కొండెక్కి దిగుతున్నాయి.

"మా ఊరిలో దిసారి పెట్టిన రోజు ఇంకా రాలేదు. నాకు మామిడికాయ అంటే చాలా ఇష్టం. పప్పు వాసనకి నోట్లో నీళ్ళు ఊరాయి. మింగేశాను."

సోనికి నవ్వొచ్చింది, అంత భయంలోనూ. రెండోది తీసింది. "సోని టీచర్ మాకు ఏమీ చెప్పలేదు. ఆవిడకి కూడా భయం వేసింది. నేను చూశాను." మూడోది, నాలుగోది. ఒకరు రాసింది ఇంకొకరు రాయలేదు. ముందు పిల్ల చెప్పింది వెనక పిల్ల చెప్పకూడదన్న నియమం కాగితం మీద కూడా పాటించారు.

పెన్ను పక్కన పెట్టి, భానుశ్రీ బల్ల వైపు తిరిగింది.

"భానుశ్రీ గారూ, మీ ఎర్ర పెన్ను ఒకసారి ఇస్తారా?"

భానుశ్రీ లేచి వచ్చి చేతికిచ్చింది.

సోని మళ్ళీ మొదటి కాగితం ముందుకి లాక్కుని, రెండు ఒత్తులు సరిచేసి, 'మింగేశాను' కింద గీత గీసి, పక్కన ఎనిమిది బై పది వేసింది. దాని కింద సంతకం పెట్టింది. సంతకం కింద 'తెలుగు పండిట్' అని రాసింది.

"ఏటిది? ఏటి సేత్తన్నావు?" అన్నారు వరహాలరావు గారు.

"దిద్దుతున్నాను సార్."

"సంతకం పెట్టమంటే మార్కులెవులు ఎయ్యమన్నారు?"

"సంతకం కూడా పెడుతున్నాను సార్. తెలుగు పేపర్లు దిద్దకుండా బయటికి వెళ్తే బాగోదు."

ఆయన కట్ట లాక్కోబోయి ఆగారు. అప్పటికే ఎర్ర సిరా పడింది. పిల్లలు రాసిన కాగితం చింపితే అదో గొడవ. బల్ల అవతలే నిలబడి చూశారు.

ఆ కాగితాలు తర్వాత ఏమయ్యాయో ఇప్పుడే చెప్పేస్తాను. ఫైలు అలాగే పైకి వెళ్ళింది. ఆఫీసులో కూర్చుని ఇలాంటివి చదివే గుమస్తా ఒకాయన దాని మీద ఒక ప్రశ్న రాశాడు: మార్కులు వేసినామె తెలుగు పండిట్ అయితే మూడేళ్ళ టైంటేబుల్లో తెలుగు ఎదురుగా ఆమె పేరు ఎందుకు లేదు? ఆఫీసు ప్రశ్నకి జవాబు రాయడం కంటే టైంటేబుల్ మార్చడం సులువు కాబట్టి, జూన్లో తొమ్మిదీ పదీ తెలుగు సోనికి వచ్చింది. హెచ్చరిక కాగితం ఒకటి కూడా వచ్చింది, అది ఆమె ఫైల్లో ఉంది. నీలం గ్లాసు కిటికీ దగ్గరే ఉంది.

కానీ ఆ సాయంత్రం ఇవేవీ ఆమెకి తెలియవు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. ఈ నూట ఎనభై మూడు పేపర్లే తన మొదటి క్లాసు, బహుశా ఆఖరిది కూడా అనుకుని, ఒక్క అక్షరం వదలకుండా చదువుతోంది.

ప్రసన్న కాగితం వచ్చింది.

"మాకు పండగ లేదు. నేను తినవచ్చు. కానీ బుదరి నా పక్కన ఆకలితో కూర్చుంది. దాన్ని పెట్టుకుని తింటే నాకు ముద్ద దిగదు. హెడ్మాస్టరు సారు అడిగినప్పుడు ఇదే చెప్పాలనుకున్నాను. భయంతో మాట రాలేదు."

తొమ్మిది వేసింది. దాని కిందే బుదరి కాగితం.

"మా అమ్మ నా కోసం తినకుండా ఆగుతుంది. నేను ఇక్కడ ముందే తింటే అమ్మకి తెలియదు. నాకు తెలుస్తుంది."

సోని ఆ కాగితం రెండుసార్లు చదివింది. పదమూడేళ్ళుగా తను ఎవరికీ చెప్పలేకపోయిన మాట పద్నాలుగేళ్ళ పిల్ల తప్పు లేకుండా రాసి పెట్టింది. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, పండిట్లెవరూ వెయ్యని మార్కులు వేసింది. పదికి పది.

బయట జీపు ఆగిన చప్పుడైంది. వరహాలరావు గారు కిటికీలోంచి చూసి కంగారుపడ్డారు.

"ఆఫీసరు గారొచ్చీసేరు! అయ్యిందా? ఇంకా ఎన్నున్నాయి?"

సోని కట్ట వైపు చూసి, ఇంకో కాగితం ముందుకి లాక్కుంది.

"డెబ్భై దాకా ఉన్నాయి సార్. ఆయన్ని కూర్చోమనండి. మీరూ కూర్చోండి."

వరహాలరావు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.